పది గొర్రెలకు పిల్లాడు కాపరి ఎందుకు?

పిల్లల చదువు మీద నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. మేము గొర్రెల మీద మాట్లాడబోతున్నాం. రెండూ ఒకటే ముచ్చట, కొంచెం ఓపిక పట్టండి.

కొన్నేళ్ల కింద మా హాస్టల్ నుంచి ఎనిమిదో తరగతి పిల్లాడొకడు దసరా సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాలేదు. పది రోజులు చూసి తండాకు పోయాం. పిల్లాడు గుట్ట కింద ముప్పై గొర్రెల వెంట తిరుగుతున్నాడు. తండ్రి అప్పు చేసి మంద కొన్నాడు. బడికి పంపమని అడిగితే ఆయన కోపం చేయలేదు. "నువ్వు చెప్పేది నిజమే మేడం, మరి మందను ఎవరు చూస్తరు?" అన్నాడు. మేము బి.ఎడ్. చేశాం, విద్యాహక్కు చట్టం మీద శిక్షణలకు పోయాం. ఆ ఒక్క మాటకు మాత్రం జవాబు లేక వాపసు వచ్చాం.

ఆ జవాబు కోసమే మా రెండెకరాల్లో గొర్రెలు పెట్టాం. మా అత్తమ్మ, మా ఇంటాయన, సెలవు రోజుల్లో మేము. ఇంట్లో పెద్దవాళ్ల చేతి మీద, బడి పిల్లల చేయి పడకుండా, ఎన్ని గొర్రెలు సాగుతాయో చూడాలనుకున్నాం. మొదట ఆరు తెచ్చాం. ఇప్పుడు పది ఉన్నాయి. పది దాటితే మా అత్తమ్మ వల్ల కాదు.

ఇంత తక్కువతో లాభమేముందని అడుగుతారు. 2017 జూన్ 20న కొండపాకలో మొదలైన గొర్రెల పంపిణీలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. అది గొల్ల, కురుమ సంఘాల సభ్యుల కోసం. వాళ్లది తరతరాల వృత్తి. మన పెద్దలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని లదేణీ తిరిగినవాళ్లు, మనకు పశువు తెలుసు కానీ గొర్రె అంతగా తెలియదు. జాతీయ పశుసంపద మిషన్‌లో 50 శాతం సబ్సిడీ ఉంది, కానీ 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్ నుంచే మొదలు. రెండెకరాల ఇంటికి అది పెద్ద మాట. ముందు పదింటితో రెండేళ్లు నేర్చుకోండి. పక్క ఊరి కురుమ పెద్దమనిషిని అడగడానికి సిగ్గుపడకండి. మేము నేర్చుకున్నదాంట్లో సగం అలా అడిగి తెలుసుకున్నదే.

గొర్రెల కంటే ముందు గడ్డి పెట్టాలి. మనలో చాలామంది తప్పేది ఇక్కడే. హైవే పక్కన, సాగర్ రోడ్డు పక్కన బీళ్లన్నీ ప్లాట్లయి కడీలు పాతుకున్నాయి. మేపడానికి దూరం పోవాలి, దూరం పోవాలంటే మనిషి కావాలి, ఆ మనిషి మన పిల్లాడవుతాడు. గడ్డి ఇంటి దగ్గర ఉంటే పిల్లాడు బడిలో ఉంటాడు. పెద్ద గొర్రె రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత, ఒక కిలో దాకా ఎండుమేత తింటుంది. బోరు ఉంటే పది గుంటల్లో సూపర్ నేపియర్ వేయండి. నీళ్లు లేకపోతే గట్ల మీద సుబాబుల్, అవిశ పెట్టండి, సుబాబుల్ మాత్రం మేతలో మూడో వంతు దాటనీయకండి. కంది పొట్టు, పల్లికట్టె కాల్చకుండా దాచండి. మెట్ట నేలకు ఏ గడ్డి వేయాలో చెప్పడానికి ఇక్కడే హయత్‌నగర్‌లో క్రిడా పరిశోధన క్షేత్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. బస్సు దిగి నడిచిపోయేంత దగ్గర.

కొనేటప్పుడు సంతలో ధర కాదు, నోరు చూడండి. రెండు పళ్లు, నాలుగు పళ్లు ఉన్నది వయసులో ఉన్న గొర్రె. పళ్లు అరిగి ఊడినది చవగ్గా వస్తుంది, అలాగే పోతుంది. కంటి కింది రెప్ప ఎర్రగా ఉండాలి, తెల్లగా పాలిపోతే కడుపులో నట్టలున్నట్టు. తోక కింద పారుడు మరకలు ఉంటే వద్దు. దక్కనీ జాతి మొరటుది, మన ఎండను తట్టుకుంటుంది. నెల్లూరుది ఎత్తు, బరువు ఎక్కువ. మొదటిసారి పెట్టేవాళ్లకు మేము దక్కనీనే చెప్తాం. తెచ్చినవాటిని మూడు వారాలు విడిగా కట్టేయండి. పదికి పొట్టేలు కొనకపోయినా నడుస్తుంది, ఒక్క పొట్టేలు ఇరవై గొర్రెలకు సరిపోతుంది కాబట్టి రెండిళ్లవాళ్లు కలిసి ఒకటి పెట్టుకోవచ్చు. రెండేళ్లకోసారి దాన్ని మార్చాలి, లేకపోతే సొంత పిల్లలతోనే కలుస్తుంది.

మా నష్టం కూడా చెప్పాలి. మొదటి ఏడాది జూన్‌లో తొలకరికి లేత గడ్డి మొలిచింది. పిల్లలు కడుపునిండా మేశాయి. మేము మురిసిపోయాం. తెల్లారేసరికి మూడు చచ్చి పడున్నాయి, మూడూ బాగా బలిసినవే. చిటుక రోగం. వానలకు ముందు వేయించాల్సిన టీకాను, హాస్టల్ తెరిచే పనుల్లో పడి, వచ్చే వారం వచ్చే వారం అంటూ వాయిదా వేశాం. తప్పు మాదే. మా అత్తమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మన పెద్దలు ఆషాఢంలో శీత్లా యాడి పండుగ చేసి పశువుల మీద గుగ్గిళ్లు చల్లి దాటిస్తారు. జబ్బులొచ్చే కాలం అదేనని వాళ్లకు తెలుసు. పండుగ చేయండి, దానికి మూడు వారాల ముందే చిటుక రోగం టీకా వేయించండి, దాని బలం రావడానికి రోజులు పడుతుంది. నీలి నాలుకకు, బొబ్బ రోగానికి ఎప్పుడు వేయాలో పశువైద్యశాలలో అడిగి క్యాలెండర్ మీద రాసుకోండి. పీపీఆర్ టీకా ఒకసారి వేస్తే మూడేళ్లు కాస్తుంది. నట్టల మందు వానకు ముందొకసారి, తర్వాత ఒకసారి. అత్యవసరమైతే 1962కు ఫోన్ చేయండి. రాసే పని బడి పిల్లలకివ్వండి, ఆదివారం అరగంట. మా హాస్టల్ పిల్లలు కొందరు ఇంటి దగ్గర అలా నోటుపుస్తకం పెట్టారు: ఏ గొర్రె ఎప్పుడు కట్టింది, ఎప్పుడు ఈనింది. అయిదు నెలల లెక్క వాళ్లకు వేళ్ల మీద ఉంది.

డబ్బు సంగతి దాచం. గొర్రె కట్టాక అయిదు నెలలకు ఈనుతుంది, పిల్ల అమ్మకానికి రావడానికి ఇంకో అయిదారు నెలలు. అంటే ఏడాది దాకా చేతికి పైసా రాదు. అందుకే వడ్డీకి తెచ్చి కొనొద్దంటున్నాం. ముప్పై కొన్న ఆ తండ్రికి వడ్డీయే కాపరిని తెచ్చింది. జీతగాణ్ణి పెట్టే స్తోమత లేక కొడుకును పెట్టాడు.

ఆయన తర్వాత పద్దెనిమిది అమ్మి అప్పు కట్టాడు. పన్నెండు ఉంచుకుని ఇంటి వెనక దడి కట్టాడు. పిల్లాడు వాపసు వచ్చాడు, ఒక ఏడాది పోయింది, తన వెనకవాళ్లతో కూర్చోవాల్సి వచ్చింది. మొదట్లో ఎవరితో మాట్లాడలేదు. ఇప్పుడు పదో తరగతి.

భోజనాలయ్యాక బయట వేపచెట్టు కిందికి రండి. మా గొర్రెలు రెండింటిని ట్రాలీ ఆటోలో తెచ్చాం. పళ్లు చూసి వయసు చెప్పడం, కంటి రెప్ప చూడడం చూపిస్తాం. కరవవు, భయం లేదు.