పెరటి ఓషధులు - తొలి పాఠములు



నాదెండ్ల పరిసరములు నల్లరేగడి భూములు. పత్తి, మిరప ఇచ్చటి రైతునకు రూకలు తెచ్చు పైరులు. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిదప పల్నాటి సేద్యము విస్తరించినది. కాలక్రమమున పురుగుమందుల వాడుకయు పెరిగినది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తికి తెల్లదోమ పట్టినప్పుడు, మందుమీద మందు చల్లియు ఎందరో రైతులు పైరును దక్కించుకొనలేకపోయిరి. వెనుకటి పెద్దలు చేనిగట్టున గుంటగలగరాకు కోసి తెచ్చుకొనెడివారు. మందు చల్లిన చేనిగట్టుమీది ఆకును నేడు నమ్మి నోట పెట్టుకొనరాదు. కనుక కూరలోని కొత్తిమీరయు, కషాయములోని తులసియు ఇంటి పెరటిలోనే పెరుగుట మేలు.

క్రొత్తగా మొక్కలు పెంచువారు తరచు పొరబడునది నీటి విషయమున. మొక్క ఎండునేమోయని పూటపూటకు నీరు పోయుదురు. వేరు కుళ్ళి మొక్క చచ్చును. రేగడిమట్టికి నీటిని పట్టియుంచు గుణము మెండు. తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. చేనిలో పత్తిని కాపాడు ఆ గుణమే కుండీలో మొక్కకు కీడగును. అందుచేత మట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమభాగములుగా కలుపవలెను. కుండీ అడుగున రంధ్రముండవలెను. దానిపై పెంకుముక్క నొకదానిని వాల్చి ఉంచిన మట్టి జారదు, నీరు నిలువదు. వ్రేలిని అంగుళము లోతు దించి చూచి, పొడిగా తగిలిననే నీరు పోయవలెను. ఇదియే తొలి పాఠము.

రెండవది, సులభమైన వానితో మొదలుపెట్టుట. వామాకు కొమ్మను త్రుంచి నాటిన చాలును, వేరు తొడుగును. దానికి నీరు కొలదిగా చాలును. సంతలో కొన్న పుదీనాకట్టలోని ముదురు కాడలను ఆకులు దూసి, వెడల్పైన తొట్టిలో అరనీడను నాటవచ్చును. తులసి విత్తులు సన్ననివి. మట్టిపై చల్లి పలుచగా కప్పవలెను. మొక్క ఎదిగిన పిదప వెన్నులను గిల్లుచుండిన గుబురుగా పెరుగును.

కొత్తిమీరకు ధనియాలను రెండు బద్దలగునట్లు నలిపి, ఒక రాత్రి నానబెట్టి, ఉన్నచోటనే విత్తవలెను. నారు తీసి నాటిన బ్రతుకుట కష్టము. చలికాలము దానికి అనుకూలము. ఎండ ముదిరిన ఆకు పెరుగక ముందే పూతకు వచ్చును. ధనియాలు ఈ నల్లరేగడికి క్రొత్తవి కావు. గుంటూరు చెంత లాం పరిశోధనా స్థానమునుండి స్వాతి, సాధన, సింధు అను రకములు వెలువడినవి. కరివేపకు మాత్రము ఓర్పు కావలెను. పండిన కాయల గుజ్జు తీసి వెంటనే విత్తవలెను. నిలువయుంచిన విత్తు మొలకశక్తిని త్వరగా కోల్పోవును. తొలియేడు ఆకు దూయరాదు.

మూడవ పాఠము వివేకము. పోలికనుబట్టి ఆకును గుర్తించుట ప్రమాదకరము. తెలిసినవారు చూపి పేరు చెప్పిన మొక్కనే వాడవలెను. జలుబుకు తులసి కషాయము ఊరటనీయవచ్చును గాని, తగ్గని జ్వరమునకు వైద్యుడే దిక్కు. గర్భిణులకు, పసిబిడ్డలకు వైద్యుని అడుగక ఏ ఆకుమందును ఈయరాదు.

ఈ మూడవ పాఠమున గ్రంథాలయము చేయదగిన సేవ గొప్పది. ఆవరణలో పది కుండీలుంచి, ప్రతి మొక్కకు పేరు, గుణము, వాడరాని సందర్భము వ్రాసిన పలకను కట్టిన, చదువు వచ్చిన బాలురు రానివారికి చదివి చెప్పుదురు. ఆకును గుర్తెరిగిన వృద్ధులు బాలురకు చూపుదురు. పుస్తకమును ఎరువిచ్చినట్లే కొమ్మను, విత్తును ఎరువిచ్చి, మరుసటేడు మరల తీసికొనవచ్చును. పేరు మరచిన మొక్క కలుపులో కలిసిపోవును. పేరు నిలిచిన మొక్క ఇంట నిలుచును. ఈ రజతోత్సవ వత్సరమున ప్రతి గడపకును ఒక తులసి, ఒక కరివేప చేరుగాక!