అతిథుల యుదయపు ఫలహారము



నిరుడు మా యింటికి వచ్చిన చుట్టములలో నొక బాలుడు పులిహోరలోని వేరుసెనగపప్పు తినెను. కొలదిసేపటికే మోము వాచి, ఊపిరి యాడక విలవిలలాడెను. వైద్యుని సూదిమందుచే బ్రదికెను. ఆ పప్పు వానికి పడదని తల్లి యెఱుగును. నేనే ముందుగా నడుగనైతిని.

నాటినుండి అతిథుల నడిగియే వంట నిర్ణయించుచున్నాను. పులిహోరకు చింతపండు పులుసు రాత్రియే కాచి యుంచుదుము. ఉదయమున అన్నము వార్చి కలుపుటయే పని. మధుమేహము గలవారి పెసరట్టునకు పెసలు రాత్రియే నానవేయుదుము. ఏకాదశి యుపవాసముండువారికి పండ్లు, పాలు. ఉల్లి ముట్టనివారికి గిన్నె, గరిటె వేఱు. వేరుసెనగ పడనివారు వచ్చు దినమున ఆ గింజలను, ఆ నూనెను వంటయింటికే రానీయము.

"మీకేమి పడదు?" అని యడుగుట అమర్యాద కాదు, అన్నము పెట్టువాని మొదటి ధర్మము.