బకింగ్‌హాం కాలువ మీద సంతకాలు

ఈ పూట పట్టాలందుకుంటున్న ఇంజనీర్లారా!

మీలో కొందరు ఉద్యోగానికి చెన్నై వెళ్తారు. బీచ్ స్టేషన్ నుంచి మైలాపూరు వెళ్ళే లోకల్ రైలు కింద నల్లటి నీళ్ళు కనిపిస్తాయి. అది బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలైంది. తరవాత పులికాట్ మీదుగా ఉత్తరానికి సాగి, మన డెల్టా కాలువలతో కలిసి కాకినాడ దాకా పడవదారి అయింది. శ్రీహరికోట అంటే మీకు రాకెట్లు. అప్పటి మద్రాసు ఇళ్ళకు పొయ్యిలోకి కట్టెలు! అవి ఈ కాలువ మీదే పడవల్లో వచ్చేవి.

ఊరి నడుమ కూవం, అడయారు నదులను కలిపే ముక్కను 1877-78లో కరువు పనుల కింద తవ్వించారు. పేరు మాత్రం అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువుది. తట్ట మోసినవాళ్ళ పేర్లు ఎవరికి కావాలి?

ఆ కరువులోనే సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, రోజుకో పౌండు గింజలూ కొద్దిపాటి డబ్బులూ ఇస్తే కూలీకి చాలునని తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కోర్నిష్ ఒప్పుకోలేదు. అంత తక్కువ తిండితో మట్టిపని చేసే మనిషి బతకడని కాగితం మీద పెట్టి వాదించాడు. కొద్ది నెలల్లోనే కూలి పెంచక తప్పలేదు. ఇద్దరూ ప్రభుత్వోద్యోగులే, ఇద్దరివీ సంతకాలే.

ఆ కాలువను మురుగుకాలువ చెయ్యాలని ఎవరూ తీర్మానించలేదు. రోడ్లూ రైళ్ళూ వచ్చాయి, తుపాన్లు గట్లు కోశాయి, పడవలు ఆగాయి, డ్రైనేజీ గొట్టాలు ఒక్కొక్కటే వచ్చి కలిశాయి. 1990ల్లో రైలు స్తంభాలు కాలువలోనే లేచాయి. భూసేకరణ లేని స్థలం అంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతుంది? వానొస్తే నీళ్ళెటు పోవాలన్న ప్రశ్న మాత్రం స్తంభాల మధ్య ఇరుక్కుపోయింది.

2004 సునామీలో మాత్రం, పెదగంజాం నుంచి చెన్నై దాకా ఈ కాలువే అలల నీటిని చాలాచోట్ల తనలోకి తీసుకుని, తిరిగి సముద్రానికి పంపింది. ఆ పని కోసం దాన్ని ఎవరూ తవ్వలేదు.

రేపు మీ బల్ల మీదికీ డ్రాయింగులు వస్తాయి. సంతకం పెట్టేముందు ఓసారి ఆ స్థలానికి వెళ్ళి, గట్టు మీద బతికేవాళ్ళతో మాట్లాడి రండి.

మీ పేర్లు పిలవడానికి రిజిస్ట్రారు గారు జాబితా పట్టుకుని నిలబడ్డారు. అందరికీ అభినందనలు, ఇక కానివ్వండి.