మొక్క జమాఖర్చు: కర్బనము, నత్రజని

(అమ్రాబాదు రైతుల సమావేశమున ఒక వ్యవసాయశాస్త్ర ఉపన్యాసకుడు చేసిన ప్రసంగ పాఠము)



వాన పడగానే యూరియా బస్తాతో చేనికి పోవుట మనకు అలవాటైనది. చేను నల్లగా పచ్చబడినచో మనస్సు కుదుటపడును. కాని పచ్చదనమంతయు పంట కాదు. ఎందువలన కాదో తెలిసికొన్నచో చేతిలో కొంత పైకము మిగులును.

ఎండిన మొక్కను తూచినచో నూటికి 40 పాళ్లకు పైగా కర్బనమే. దానిని మనము కొననక్కరలేదు. ఆకులు సూర్యరశ్మి సాయమున గాలినుండి పట్టుకొనును. నత్రజని నూటికి 1 మొదలు 4 పాళ్లు మాత్రమే. గాలిలో అది నూటికి 78 పాళ్లున్నను మొక్క దానిని నేరుగా తీసికొనలేదు.

ఈ రెండును ఒకే కాడికి కట్టిన ఎడ్లు. కర్బనమును పట్టు పనిముట్లు ఆకులో నత్రజనితోనే తయారగును. నత్రజనిని మాంసకృత్తులుగా మార్చుటకు కర్బనముతో చేసిన చక్కెర కావలెను. నత్రజని కొరవడినచో క్రింది ఆకులు పసుపు వారును. ఎక్కువైనచో చక్కెర కొత్త ఆకులకే పోవును. పత్తి ఏపుగా పెరిగి కాపు వెనుకబడును, లేత ఆకును వెదకికొని పచ్చదోమ వచ్చును.

వేరుశనగ, కంది తెలివైన బేరము చేయును. వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులకు చక్కెర నిచ్చి, అవి గాలినుండి పట్టిన నత్రజనిని పుచ్చుకొనును. జొన్న, మొక్కజొన్న మరియొక విధమున పొదుపరులు. కొద్ది నత్రజనితోనే ఎక్కువ కర్బనమును పట్టును.

నేలలోను ఈ లెక్కయే. జొన్న కొయ్యలలో కర్బనము మెండు, నత్రజని స్వల్పము. విత్తుటకు ముందు వానిని దున్నినచో, కుళ్లబెట్టు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే తీసికొనును, మొలకలు పాలిపోవును. అందుచేత కోత కాగానే దున్నవలెను. అమ్రాబాదు తూర్పు పశువుల మందను చేనిలో కట్టించుట మన పెద్దలెరిగిన ఉపాయము; చొప్ప తిని పశువు ఎరువుగా తిరిగి ఇచ్చును.

ఇక వంగడముల మాట. మన దేశపు మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1 1964లో విడుదలైనది. 1966లో ఐ.ఆర్.-8 పొట్టి వరి వచ్చినది. పొట్టి వరి, గోధుమలు పడిపోవు, ఎక్కువ గింజ నిచ్చును. కాని ఎరువు మెండుగా కోరును. కారణమును 2018లో చైనా శాస్త్రజ్ఞులు వివరించిరి. ఎత్తును అణచు మాంసకృత్తే నత్రజని పీల్చుటను, కర్బనము పట్టుటను కూడ అణచుచున్నది. జి.ఆర్.ఎఫ్.-4 అను మరియొక మాంసకృత్తి ఆ రెండింటిని కలిపి పెంచును. దానిని హెచ్చించినచో, మొక్క పొట్టిగానే యుండి తక్కువ ఎరువుతో మంచి దిగుబడి నిచ్చినది. పరిశోధనాలయము నుండి రైతు చేనికి ఇట్టివి వచ్చుటకు ఏండ్లు పట్టును. అంతవరకు మన నేలకు తగిన రకములకై మన జిల్లాలోని పాలెం పరిశోధనా స్థానమును అడుగుడు.

ఈ ఏడు చేయవలసినది చెప్పెదను. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. దానిని ఒక్కసారి కుమ్మరింపక, పదునున్నప్పుడు దఫదఫాలుగా వేయుడు. పత్తిలో కంది సాళ్లు పెట్టుడు. పశువుల ఎరువు పడిన చేనిలో పది సాళ్లకు యూరియా సగమే వేసి, పంటను విడిగా తూచుడు. నా మాటకన్న మీ తక్కెడ మాట నమ్మదగినది.

సందేహములున్నచో అడుగుడు.