మన గూడేనికి మనమే నోట్‌బుక్ పట్టుకుని వెళ్లినప్పుడు
(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేం ముగ్గురం ఆదిలాబాద్ గూడేల నుంచి వెళ్లి యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ చదివినవాళ్లం. అందులో ఎథ్నోగ్రఫీ అనే చదువు ఉంటుంది. ఒక జనం మధ్య చాలాకాలం ఉండి, వాళ్లతో తిని, తిరిగి, వాళ్ల బతుకును వాళ్ల మాటల్లోనే అర్థం చేసుకుని రాయడమే ఎథ్నోగ్రఫీ. క్లాసులో చూపించిన పుస్తకాల్లో ఒకటి మన గురించే. 1948లో హైమన్‌డార్ఫ్ రాసిన రాజ్‌గోండుల పుస్తకం అది. మన పెర్సాపేన్ గురించి, మన సగల గురించి ఇంగ్లిషులో చదువుతుంటే గర్వంగా అనిపించింది. మాకే తెలియని సంగతులు అందులో ఉన్నందుకు సిగ్గుగానూ అనిపించింది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. ఆ తర్వాతి ఏళ్లలోనే హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయిలో మనవాళ్ల మధ్య ఉన్నారు. ఆయన పని పుస్తకంతో ఆగలేదు. మన బడులకు, మన భూముల పట్టాలకు అది దారి చూపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. అందుకే ఏటా జనవరి 11న అక్కడ ఆ దంపతులను తలుచుకుంటాం.

ఇక మా సంగతి. ప్రాజెక్టు కోసం నలభై ప్రశ్నల కాగితం పట్టుకుని మా గూడేనికే వెళ్లాం. మనవాళ్లే కదా, రెండు రోజుల్లో అయిపోతుందనుకున్నాం. వరుసకు పెద్దమ్మ అయ్యే ఆమెను కాగితంలో ఉన్నట్టే తెలుగులో అడిగాం, ఏం పని చేస్తావని. "ఏం లేదు, ఇంట్లనే ఉంట" అంది. గృహిణి అని రాసుకున్నాం. మా సారు అది చూసి, కాగితం పక్కన పెట్టి ఒక రోజంతా ఆమె వెంట ఉండి రమ్మన్నారు.

వెళ్లాం. తెల్లవారకముందే ఆమె గంపతో ఇప్పపూల కోసం అడవిలో ఉంది. తర్వాత నీళ్లు, పశువులు, వంట. మధ్యాహ్నం పూలు ఆరబోసింది. ఆ పనుల మధ్య గోండిలో ఆమె చెప్పిన కబుర్లతో మా నోట్‌బుక్ సగం నిండింది. లోపం ఆమె జవాబులో లేదు, మేం అడిగిన తీరులో ఉంది. మనవాళ్లమే కదా అనుకుని ఎన్ని సంగతులు అడగకుండానే వదిలేస్తామో ఆ రోజు తెలిసింది.

ఇంకో సంగతి చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. ఒక పర్ధాన్ పెద్దాయన కిక్రి వాయిస్తూ తన సగ కథను మాకు రెండు రాత్రులు వినిపించాడు. ముందే అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాం. ఒకచోట ఆపమన్నాడు, ఆపాం. అంతవరకు క్లాసులో నేర్చుకున్నట్టే చేశాం. కాపీ తెచ్చిస్తామని మాటిచ్చి వచ్చాం. ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయి. మాట మాత్రం మరిచిపోయాం.

రెండేళ్లకు ఆయన పోయాడు. కొడుకు ఫోన్ చేసి, "నాయిన గొంతు మీ దగ్గర ఉందట కద" అని అడిగాడు. అప్పటికి ఫోన్ మారింది, ల్యాప్‌టాప్ చెడిపోయింది. వెతికితే ఒకరి మెమరీ కార్డులో పదకొండు నిమిషాలు మిగిలి ఉంది. అదీ, మా నోట్‌బుక్ నకలూ తీసుకెళ్లి ఇచ్చాం. ఆయన కళ్లు మూసుకుని విని, "ఇంకా ఉందా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి మాకు మేమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. రికార్డు చేసిన ఇంట్లో కాపీ ఇచ్చాకే ఊరు దాటాలి. ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో, ఏ తేదీన అన్నది దానిమీదే రాయాలి. ఇంకో కాపీ వేరే చోట దాచాలి. ఎవరికీ వినిపించవద్దన్నది ఎవరికీ వినిపించకూడదు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పనికి డిగ్రీ అక్కర్లేదు. గుంజాలలో మనవాళ్లు ఇళ్లలో దాచుకున్న రాతప్రతుల వల్లే ఆ గోండి లిపి వెలుగులోకి వచ్చింది, 2018లో యూనికోడ్‌లో చేరింది. దాచినవాళ్లు యూనివర్సిటీకి వెళ్లినవాళ్లు కాదు.

ఈసారి దండారికి ఇంటికి వెళ్లినప్పుడు అవ్వ పక్కన, తాత పక్కన కూర్చోండి. వాళ్లు చేసే పనిలో ఒక చెయ్యి వేయండి. మీకు తెలుసనుకున్నదే అడగండి, గోండిలోనే అడగండి. ఆ రాత్రి పడుకునే ముందు విన్నది రాసుకోండి. మాలా ఆలస్యం చేయకండి.

జై సేవా.