సభ తన తీర్మానాన్ని తానే మార్చుకుంటే

మనం ఎవరిని తలచుకోవడానికి కూడామో ఆ వకీలుగారు సాయంత్రాలు సొసైటీల మినిట్సు పుస్తకాలు సరిచూసి పెట్టేవారు. నేనూ ఆ పుస్తకం దగ్గరే మొదలుపెడతాను.

పంచాయతీలోనో చేపల సొసైటీలోనో పనిచేసినవారికి తెలుసు: ఆమోదించిన తీర్మానాన్ని కొట్టివేయరు, పేజీ చింపరు. మరో సమావేశంలో అజెండాలో పెట్టి, పాతదాని నంబరూ తేదీ ఉదహరించి, ‘సదరు తీర్మానము రద్దుపరచడమైనది’ అని రాసి సంతకాలు పెడతారు. పుస్తకంలో రెండూ ఉంటాయి. చట్టసభల్లోనూ దారి ఇదే. తేలిపోయిన అంశాన్ని అదే సమావేశాల్లో మళ్లీ ఎత్తకూడదని లోక్‌సభకు 338వ నియమం ఉంది. 1876లో అమెరికా సైనిక ఇంజినీరు హెన్రీ రాబర్ట్ మొదలుపెట్టిన సభా నియమాల సంప్రదాయం ఇంకొకటి చెబుతుంది: అమలైపోయి, వెనక్కి తీసుకోలేని పనిని రద్దు తీర్మానం తిరగతోడలేదు. అంటే ఓటు వేసేముందు చూడాల్సింది, ఆ కాగితం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందని.

మన శాసనమండలి కథ చూడండి. 1958 జులై 1న పుట్టింది. 1983 మార్చి 24న ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు తీర్మానం చేయించింది, ఢిల్లీ కదల్లేదు. 1985 ఏప్రిల్ 30న మళ్లీ చేయించింది. ఈసారి పార్లమెంటు చట్టం చేసింది, జూన్ 1న మండలి పోయింది. ఇక అక్కడి నుంచి అసెంబ్లీ మనసు మార్చుకున్నా ఫలితం లేదు. 1990 జనవరిలో పునరుద్ధరించమని తీర్మానించారు. బిల్లు రాజ్యసభ దాటింది, లోక్‌సభ రద్దవడంతో అటకెక్కింది. 2004 జులై 8న మరో తీర్మానం, 2006 జనవరిలో చట్టం, 2007లో మండలి. నెల రోజుల్లో పోయినదాన్ని తెచ్చుకోవడానికి రెండు దశాబ్దాలు పైన పట్టింది.

2020 మాట వేరు. ఆ జనవరి 22న మండలి ఛైర్మన్, మన నరసాపురం వాసి షరీఫ్ గారు, రాజధాని బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపారు. 27న అసెంబ్లీ 133 ఓట్లతో, వ్యతిరేకించేవారే లేకుండా, మండలి రద్దుకు తీర్మానించింది. 169వ అధికరణం కింద రద్దు చేయాల్సింది పార్లమెంటు. కాగితం అక్కడే ఉండిపోయింది. ఈలోగా మండలిలో బలాబలాలు మారాయి, భీమవరం నుంచి మోషేన్‌రాజు గారు ఛైర్మన్ అయ్యారు. 2021 నవంబరు 23న ఆర్థికమంత్రి బుగ్గన లేచి పాత తీర్మానాన్ని ఉపసంహరిస్తూ కొత్తది పెట్టారు. మూజువాణి ఓటుతో సరి. అవసరం తీరాక మాట మార్చారని వెక్కిరించినవాళ్లున్నారు, అది నిజమే. అయినా పద్ధతి ప్రకారం ఆ ఉపసంహరణలో తప్పు పట్టడానికేమీ లేదు.

ఇక మన కొల్లేరు. ఇక్కడ చిక్కు తలకిందులుగా ఉంది.

1999 అక్టోబరు 4న 120వ నంబరు జీవోతో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అభయారణ్యమైంది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చాయి, పొక్లెయిన్లు దిగాయి, చెరువుగట్లు తెగాయి. లంకల్లో గోడు మిన్నంటింది. 2008లో అసెంబ్లీ, పార్టీ భేదం లేకుండా, హద్దును మూడో కాంటూరుకు కుదించమని తీర్మానించింది. ఊళ్లలో చాలామంది పని అయిపోయిందనే అనుకున్నారు.

కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ ప్రకారం అభయారణ్యం హద్దు మార్చాలంటే రాష్ట్ర శాసనసభ తీర్మానం కావాల్సి ఉండేది. 2002 సవరణ ఆ మాట తీసేసి, జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు అని రాసింది. 2003 నుంచి అదే అమలు. అంటే తాళంచెవి చేయి మారిన అయిదేళ్లకు సభ తలుపు తీయమంది. ఏకగ్రీవమైనా అది విన్నపమే. కేంద్రం అజీజ్ గారి అధ్యక్షతన నిపుణుల సంఘాన్ని వేసింది. ఆ సంఘం ఐదో కాంటూరే ఉండాలంది, జిరాయితీ రైతులకు పరిహారమివ్వమంది.

ఆ రెండో సిఫార్సు మీద మనవాళ్లు పెద్దగా మాట్లాడలేదు. నాకు ఆశ్చర్యం అక్కడే. హద్దు జరపడం రాష్ట్రం చేతిలో లేదు గానీ పరిహారానికి బడ్జెట్లో పద్దు పెట్టడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. 2008లో ఏకగ్రీవంగా లేచిన ఆ చేతులు దానికోసమూ లేవగలిగేవి.