పురానాపూల్ కమానులు



మాది సిరిసిల్ల. చిన్నప్పుడు మానేరు పొంగిందంటే అవతలికి పోయినవాళ్లు అవతలే. నిండు నెలల మా చిన్నమ్మను బండిలో పడుకోబెట్టి, వాగెప్పుడు తగ్గుతుందా అని మా నాయనమ్మ తెల్లవార్లూ ఒడ్డునే కూర్చుందట. అందుకేనేమో, హైదరాబాదుకు కాపురానికి వచ్చాక చార్మినారు కంటె నాకు పురానాపూల్ మీదనే మనసు పోయింది.

మూసీ మీద ఈ రాతి వంతెన 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో వెలసింది. చార్మినారు 1591 నాటిది. అంటే నగరం కంటె ముందే వంతెన పుట్టిందన్నమాట! రాకుమారుడు భాగమతి కోసం వరదలో గుర్రాన్ని దూకించాడనీ, అందుకే తండ్రి దీన్ని కట్టించాడనీ కథ చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, అప్పటికి ఆ పిల్లవాడికి 12, 13 ఏళ్లు!

నాకు ఆ కథకన్నా కమానుల కథే ముచ్చటగా ఉంటుంది. మొత్తం 22 కమానులు, 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. రాయి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, వంచితే మాత్రం పగులుతుంది. పొడుగాటి బండను అడ్డంగా వేసి బరువు పెడితే నడుమ విరిగేది అందుకే. కమాను కట్టేటప్పుడు ముందుగా కర్ర చట్రం నిలబెడతారు. దాని మీద ఒకవైపు సన్నగా చెక్కిన రాళ్లను రెండు పక్కలనుంచి పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన ఆఖరి రాయి బిగిస్తారు. తరువాత చట్రం తీసేసినా రాళ్లు పడవు. పైన బరువు పడేకొద్దీ ఒకదానినొకటి మరింత బిగించుకుంటాయి. ప్రతి కమానూ పక్కదాన్ని నెడుతూనే ఉంటుంది, పక్కది తిరిగి నెడుతుంది, అలా రెండూ నిలబడతాయి. తోడికోడళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా!

పారిస్‌లో పాంట్ నెఫ్ వంతెనకు పునాది వేసింది కూడా 1578లోనే. ఆ తరువాతి శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు మన వంతెనను దానితోనే పోల్చాడు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరదకు అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ కొట్టుకుపోయాయి. రెండు ఒడ్డులనూ కలిపి ఉంచింది దెబ్బలు తిన్న ఈ ముసలి వంతెన ఒక్కటే. ఆ రోజుల్లో ఎందరు తల్లులు పిల్లల్ని చంకనేసుకొని దీని మీదుగా దాటారో!

బండ్లకు పక్కన వేరే వంతెన వచ్చాక దీనిమీద కూరగాయల అంగళ్లు వెలిశాయి. పోయినసారి టమాటాలు బేరమాడుతూ చూశాను. పక్కగోడ రాళ్ల సందులో జానెడు రావి మొక్క ఉంది. పీకబోతే చేతికి రాలేదు. అప్పుడే వేరు సున్నంలోకి దిగిపోయింది. ఈసారి గునపం తీసుకుపోదామంటే మావారు నవ్వుతున్నారు.